కౌంటర్‌కి అటూ ఇటూ



ఈసారి పంట గురించి కాదు, పురుగుమందు గురించి కాదు, నోటి గురించి రాద్దామనుకున్నాను. మన నోటి గురించే. ముందు నా తప్పుతోనే మొదలుపెడతాను. తను చేసింది దాచుకుని ఊరికి నీతులు చెప్పేవాడి మాట ఎవరు వింటారు?

2025 ఆగస్టులో యూరియాకి ఎంత కటకట వచ్చిందో రైతులకి చెప్పక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ సొసైటీల ముందు లైన్లే లైన్లు. నిలబడలేక చెప్పులు, పాస్ పుస్తకాలు వరసలో పెట్టి చెట్టు నీడన కూర్చున్న రోజులవి. మా వరి అప్పుడు పిలకలు వేస్తోంది. పిలకలప్పుడు పడాల్సిన యూరియా పడకపోతే తర్వాత ఎంత చల్లినా పోయిన పిలక తిరిగి రాదు. కడుపులో ఆ మంట పెట్టుకుని తెల్లారుజామున అయిదింటికి వెళ్లి నా చెప్పులు వరసలో పెట్టాను. అప్పటికే నా ముందు అరవై జతల దాకా ఉన్నాయి.

పదిన్నరకి షట్టర్ తీశారు. మనిషికి రెండు కట్టలే అన్నారు. పన్నెండు దాటాక నా వంతు వచ్చింది. మిషన్ మీద వేలు పెట్టాను. పడలేదు. ఇంకో వేలు పెట్టాను. అదీ పడలేదు. మట్టిలో, గడ్డిలో, మందుల్లో నలిగిన చేతులు కదండీ, వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

మిషన్ దగ్గరున్న కుర్రాడు తల కూడా ఎత్తలేదు. "చేతులు కడుక్కుని రా. పక్కకి జరుగు. తర్వాత ఎవరు?" అన్నాడు. అంతే అన్నాడు. రండి అనలేదు, రా అన్నాడు. నాకన్నా ముప్పై ఏళ్లు చిన్నవాడు.

నేను అన్నవన్నీ ఇక్కడ రాయలేను. నీ అబ్బ సొమ్మా అన్నాను. కుర్చీలో కూర్చోగానే కళ్లు నెత్తికెక్కాయా అన్నాను. మా పన్నుల మీద బతుకుతూ మమ్మల్నే రా పో అంటావా అన్నాను. సొసైటీలో మిషన్ కొట్టే కుర్రాడి జీతానికీ పన్నులకీ సంబంధం లేదని నాకు అప్పుడే తెలుసు. అయినా అన్నాను. వెనకాల లైన్లో నలుగురు ఈలలు వేశారు. కుర్రాడు నోరెత్తలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ పెడితే వేలు పడింది. రెండు కట్టలు బండి మీద వేసుకుని యుద్ధం గెలిచినవాడిలా ఇంటికొచ్చాను.

వినాయక చవితికి ఒక్కరోజు సెలవు మీద మా అమ్మాయి ఇంటికొచ్చింది. విజయవాడలో ఒక బట్టల షోరూములో చీరల సెక్షన్లో చేస్తుంది. అన్నం తింటూ ఈ కథంతా చెప్పాను. కాస్త కలిపే చెప్పాను. అంతా విని అడిగింది: "ఆ అబ్బాయి తిరిగి ఏమన్నాడు నాన్నా?"

"ఏమంటాడు? నోరు పడిపోయింది," అన్నాను.

"పడిపోలేదు నాన్నా. అనకూడదు. అంటే ఉద్యోగం పోతుంది. మాకూ అంతే," అని కంచం తీసుకుని లేచిపోయింది.

నన్ను తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. ఆ ఒక్క మాటతో సరిపెట్టింది కాబట్టే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. అప్పటి నుంచి దీని గురించి ఆలోచిస్తున్నాను. ఆలోచించగా తెలిసింది ఏమిటంటే, నేను కౌంటర్‌కి రెండు వైపులా ఉన్నాను. మీలో చాలామంది కూడా అంతే.

ఇటువైపు సంగతి మనకి తెలుసు. బ్యాంకులో, ఎరువుల షాపులో, ఆఫీసుల్లో, బస్సులో మనం కస్టమర్లం. ఇక అటువైపు సంగతి చెబుతాను. నాకు ఎనభై సెంట్లలో కూరగాయలున్నాయి. వారానికి రెండు రోజులు రైతు బజారుకి తీసుకెళ్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలైన బజార్లివి. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలి, కొనేవాళ్లకి కాస్త తక్కువకి రావాలి, అదీ ఉద్దేశం. రేటు బోర్డు మీద రాసి ఉంటుంది. అది నేను పెట్టిన రేటు కాదు. అయినా ప్రతి పదిమందిలో ఇద్దరు ముగ్గురు నేనేదో వాళ్ల జేబు కొట్టేస్తున్నట్టు మాట్లాడతారు.

సొరకాయ లేతదో కాదో చూడటానికి గోరు గుచ్చుతారు. మా వైపు ఆడా మగా అందరూ చేసే పనే. గుచ్చినవాళ్లు కొంటే సరే. గుచ్చి పక్కన పడేసి ఇంకోటి తీస్తారు, దానికీ గుచ్చుతారు. గోరు పడ్డ చోట కాసేపటికి మచ్చ వస్తుంది. ఆ కాయని తర్వాత వచ్చినవాళ్లు ముట్టుకోరు. బెండకాయ కొన విరిచి చూడటమూ అంతే. కొన విరిచిన బెండకాయలు సాయంత్రానికి గంపలో మిగిలితే వాటిని నేను ఇంటికే తెచ్చుకోవాలి. నేను వాళ్లని "అమ్మా" అని పిలుస్తాను, వాళ్లు "ఎంతకిస్తావ్" అంటారు. డబ్బులు చేతికివ్వరు, గోనెపట్టా మీద పడేస్తారు. వంగి ఏరుకోవాలి. ఇప్పుడు ఫోన్లో స్కాన్ చేసి కొట్టడం వచ్చాక ఈ విసిరేయడం కాస్త తగ్గింది.

అలాగని మేమేదో మంచివాళ్లమని కాదు. రిటైరైన ఒక పెద్దాయన వారం వారం వచ్చి పావుకిలో వంకాయలు అడిగేవాడు. ఇంట్లో ఆయన ఒక్కడే. పావుకిలోకి కాటా ఎత్తాలా అని నేను మొహం చిట్లించేవాణ్ణి. ఓరోజు పక్క కొట్టువాడితో "పావుకిలో బేరం వచ్చిందిరోయ్" అని ఎగతాళిగా అన్నాను. ఆయన విన్నాడు. తర్వాత మా వరసలోకి రాలేదు. అవతలి వరసలో ఇంకొకరి దగ్గర కొనుక్కోవడం చూశాను. పావుకిలో బేరం పోయిందని బాధ లేదు. ఒంటరి మనిషి పావుకిలో కొనుక్కోవడానికి సిగ్గుపడేలా చేశాను చూడండి, దానికి బాధ.

మా అమ్మాయి సంగతి కూడా చెబుతాను, షాపు పేరు వద్దు. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా. భోజనం తప్ప కూర్చోవడం లేదు. కస్టమర్ లేనప్పుడు కూడా కూర్చోకూడదు, కూర్చుంటే షాపు డల్‌గా కనపడుతుందట. ఒక కుటుంబం వస్తే నలభై చీరలు విప్పించి, ఏమీ కొనకుండా లేస్తారు. కొనకపోవడం వాళ్ల ఇష్టం, దానికేం అనకూడదు. కానీ లేచేటప్పుడు "మీ దగ్గర ఏమీ లేవు, టైము వేస్టు" అని ఆ పిల్ల మొహాన అనాలా? ఆ నలభై చీరలూ మడిచేది ఆ పిల్లే కదా. ఇదంతా కూతురు చెబితే గానీ నాకు తట్టలేదు. నేనూ చీరలు విప్పించినవాణ్ణే.

కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల చట్టం మార్చి, పనిచేసేవాళ్లు కూర్చోవడానికి కుర్చీ ఉండాలని రాశారు. కేరళలో అది ఊరికే రాలేదు. కోజికోడ్‌లో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చింది. కూర్చోవడానికి కూడా కొట్లాడాల్సి వచ్చిందంటే ఆలోచించండి. పది గంటలు నిలబడ్డ కాళ్ల మీద నుంచి తియ్యటి మాట రావాలంటే ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక మన భాషలో ఉన్న చిక్కు ఒకటుంది. మనకి నువ్వు ఉంది, మీరు ఉంది. రా ఉంది, రండి ఉంది. మధ్యలో ఏమ్మా, ఏమయ్యా, ఏంటి బాబూ, పెద్దాయనా, ఇలా పది మెట్లున్నాయి. ఎదుటి మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టామో నోరు తెరిచిన మొదటి మాటలోనే తెలిసిపోతుంది. వేరే తిట్టు అక్కర్లేదు, "రా" చాలు.

ఇది పల్లెలో ఇబ్బంది కాదు. మా ఊళ్లో నన్ను నువ్వు అనేవాళ్లు సగం మంది. బాబాయ్ అంటూ నువ్వు అంటారు, మావా అంటూ నువ్వు అంటారు. వరస ఉంది కాబట్టి అందులో ప్రేమే తప్ప చిన్నతనం లేదు. వరస లేని చోట, ముక్కూ మొహం తెలియని చోట నువ్వు అంటే అది వేరే. అక్కడ నువ్వు అనేది మన బట్టలు చూసి అంటారు.

ఇది నేను పరీక్షించి చూశాను. పంట రుణం రెన్యువల్‌కి బ్యాంకుకి ఒకసారి పొలం నుంచి అటే వెళ్లాను. లుంగీ, భుజాన తువ్వాలు. "ఏం కావాలి నీకు? అక్కడ కూర్చో," అన్నారు. కూర్చున్నాను. నా తల మీద గాంధీగారి బొమ్మ, దాని కింద కస్టమర్ ఎంత గొప్పవాడో నాలుగు లైన్లు. ఆ బోర్డు కింద రెండు గంటలు కూర్చున్నాను. ఇంకోసారి పెళ్లికి వెళ్తూ దారిలో అదే బ్యాంకుకి వెళ్లాను. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు, జేబులో పెన్ను. అదే సీటు, అదే మనిషి. "చెప్పండి సార్," అన్నాడు. నా అప్పు అదే, నా ఖాతా అదే. మారింది చొక్కా ఒక్కటే. పెట్రోలు బంకులో కూడా చూడండి. కారు ఆగితే "జీరో చూసుకోండి సార్" అంటారు. పాల క్యాన్లు కట్టిన బండి ఆగితే జీరో సంగతి చెప్పేవాడు ఉండడు.

మళ్లీ ఇక్కడా మన చేతులు శుభ్రంగా లేవు. పల్లె మనిషిని నువ్వు అన్నారని మనం ఏడుస్తాం. మనం హోటల్లో బల్ల తుడిచే కుర్రాణ్ణి ఏమని పిలుస్తాం? "ఒరేయ్, ఇటు రా" అంటాం. ఎరువుల కట్టలు మోసే హమాలీని, ఆస్పత్రిలో ఊడ్చే ఆవిడని ఎప్పుడైనా మీరు అన్నామా? బ్యాంకువాడు మన లుంగీ చూసి చేసిన పనినే మనం ఇంకొకడి చిరిగిన బనీను చూసి చేస్తున్నాం. ఇక కులం చూసి, వయసుతో పని లేకుండా పెద్దవాళ్లని కూడా ఏరా అనే అలవాటు మన ఊళ్లలో పూర్తిగా పోయిందని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? నేను చెప్పలేను.

సరే, అసలు ఈ దురుసుతనం ఎక్కడి నుంచి వస్తోంది? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటారు కదా, చాలావరకు అదే. యూరియా ఎంత రావాలో, ఎప్పుడు రావాలో మిషన్ దగ్గర కుర్రాడు నిర్ణయించలేదు. వేలు పడితేనే కట్ట ఇవ్వాలన్న రూలు వాడు పెట్టలేదు. సర్వర్ వాడి చేతిలో లేదు. వీటిని నిర్ణయించినవాళ్లెవరూ కౌంటర్‌లో కూర్చోరు. వాళ్ల మీద కోపం వాళ్లకి చేరదు, మధ్యలో కుర్రాడి దగ్గర ఆగిపోతుంది. వాడికి మన మీద కోపం వస్తుంది. మనం ఇంటికెళ్లి ఆ కోపం పెళ్లాం మీద, ఎద్దు మీద చూపిస్తాం. పైనున్నవాళ్లు మాత్రం చల్లగా ఉంటారు. ఇంతకన్నా వాళ్లకి కావాల్సిందేముంది? మనమూ మనమూ కొట్టుకుంటుంటే కొరత సంగతి అడిగేవాడు ఉండడు.

బస్సు చూడండి. ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైంది, మన ఆంధ్రలో 2025 ఆగస్టు 15న. బస్సులు నిండిపోయాయి. నిండిన బస్సులో కండక్టరు అటు నుంచి ఇటు రావడమే కష్టం, ఆధార్ చూడాలి, జీరో టికెట్ కొట్టాలి. విసుగొచ్చి ఒక ముసలమ్మతో "ఫ్రీగా ఎక్కి మళ్లీ సీటు కూడా కావాలా" అన్నాడు ఒకాయన, నా కళ్ల ముందే. ఆవిడ ఆసుపత్రికి వెళ్తోంది. మాట్లాడకుండా కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆ మాట తప్పు. ఆవిడ టికెట్ డబ్బు ఆవిడ ఇవ్వకపోయినా ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. ఆవిడ ఎవరి సొమ్మూ తినలేదు. కానీ అదే బస్సులో పది నిమిషాల తర్వాత ఒక కుర్రాడు, స్టేజీ దాటి ఆపాడని ఆ కండక్టరు కాలరు దాకా వెళ్లాడు. అది కూడా తప్పే. బస్సులు పెంచకపోవడం అసలు కారణం. ఆ కారణం ఆ బస్సులో లేదు, ఇంకెక్కడో ఉంది.

ఇప్పుడు మీలో కొందరు అనే మాట నాకు తెలుసు. "మర్యాదగా అడిగితే ఎవడు పని చేస్తాడు? గట్టిగా అరిస్తేనే పనవుతుంది. చెప్పేవాడికి అడిగేవాడు లోకువ." ఇందులో నిజం లేకపోలేదు, కాబట్టి దీన్ని దాటేసి పోను.

మా నాన్న బ్యాంకుకి వెళ్తే గుమ్మం బయటే చెప్పులు విడిచేవాడు. మేనేజర్ ముందు కుర్చీ ఉన్నా కూర్చునేవాడు కాదు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకునేవాడు. ఆయన్ని అందరూ మర్యాదస్తుడు అనేవారు. అది మర్యాద కాదు, భయం. అప్పు ఇస్తాడో ఇవ్వడోనన్న భయం. అది చూసి పెరిగిన మా తరం, ఇలా వంగకూడదు అనుకున్నాం. మంచిదే. కానీ వంగకపోవడం అంటే అరవడం అనుకున్నాం. అక్కడే తప్పు పోయాం. భయానికీ అరుపుకీ మధ్య ఇంకో దారి ఉంది. నిటారుగా నిలబడి, మీరు అంటూనే, వదలకుండా అడగడం.

అధికారం ఉన్నవాడి దురుసుతనం, అధికారం లేనివాడి విసుగు ఒకటి కాదని కూడా గుర్తుంచుకోవాలి. మిషన్ కుర్రాడి విసుగు అలసట. సంతకం పెట్టే సీటులో కూర్చుని "రేపు రా, ఎల్లుండి రా" అనేవాడి విసుగు వేరే. అది చాలాసార్లు ఒక బేరం. నాలుగుసార్లు తిప్పితే అయిదోసారి వీడే జేబులో చెయ్యి పెడతాడన్న లెక్క అది. యూరియా కావాలంటే ఈ సీసా కూడా కొనాల్సిందే అని లింకు పెట్టే షాపువాడి గద్దింపు కూడా అలాంటిదే. ఇలాంటి చోట ఓర్పు పడితే మనం మంచివాళ్లం కాదు, చేతకానివాళ్లం. కానీ అక్కడ కూడా అరుపు పనిచెయ్యదు, కాగితం పనిచేస్తుంది.

నాకు తెలిసినవి చెబుతాను. ఎరువుల షాపులో ధరలు, నిల్వ బోర్డు మీద రాయాలి, కొన్నదానికి బిల్లు ఇవ్వాలి. అది 1985 నుంచి ఉన్న ఎరువుల కంట్రోలు ఆర్డరు. వేప పూత యూరియా 45 కిలోల కట్ట ధర 266 రూపాయల 50 పైసలు అని కట్ట మీదే ఉంటుంది. "బిల్లు ఇవ్వండి" అని మెల్లగా అడగండి, అరిచినదాని కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఆఫీసులో అర్జీ ఇస్తే రెండో కాపీ మీద తేదీ వేసి ముద్ర కొట్టించుకోండి. తిప్పుతున్నారనుకుంటే సమాచార హక్కు చట్టం కింద మీ అర్జీ ఎక్కడుందో అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. బ్యాంకు మీద అయితే ముందు బ్యాంకుకే రాసి ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉంది, వివరాలకి ఫోను 14448. కొన్న వస్తువు మీద పేచీకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇవన్నీ చేస్తూ కూడా "మీరు", "అండీ" అనొచ్చు. మీరు అంటూ ఫిర్యాదు రాసేవాణ్ణి చూస్తే సీటులో ఉన్నవాడికి భయం ఎక్కువ. అరిచేవాణ్ణి రోజూ చూస్తాడు, అలవాటైపోయాడు.

ఇక కస్టమర్ దేవుడు అనే మాట ఉంది చూడండి, అది మనల్ని చెడగొట్టింది. దేవుడైతే కోపం వస్తే శపించొచ్చు అనుకుంటున్నాం. కస్టమర్ దేవుడు కాదు, పనివాడు బానిస కాదు. డబ్బిచ్చి సరుకు కొంటున్నాం, మనిషిని కొనట్లేదు. ఇచ్చి పుచ్చుకునే చోట ఇద్దరూ సమానం. రైతు బజారులో నేను కూరగాయలిచ్చి డబ్బు తీసుకుంటున్నాను, ఉట్టినే కాదు కదా.

కౌంటర్‌కి అవతల కూర్చున్నవాళ్లకి నా మనవి నాలుగే ముక్కలు. సర్వర్ లేకపోతే లేదని చెప్పండి, ఎప్పుడు వస్తుందో తెలియకపోతే తెలియదనండి. "రేపు రా" అనే ముందు వచ్చే మనిషికి ఆ రోజు కూలి పోతుందని, బస్సు ఛార్జీ అవుతుందని గుర్తు తెచ్చుకోండి. చదువు రానివాళ్లకి ఫారం నింపమని గద్దించకండి, ఎవరు నింపుతారో చూపించండి. ఒక్కసారి తలెత్తి మొహం చూడండి. చూస్తే "రా" అనే మాట "రండి" అవుతుంది. తల దించుకుని మాట్లాడినప్పుడే ఎదురుగా ఉన్నది మనిషి కాదు, టోకెన్ నంబరు అనిపిస్తుంది.

మన వైపు వాళ్లకి కూడా నాలుగే. వరస దాటకండి. సగం గొడవలు అక్కడే మొదలవుతున్నాయి. కాగితాలు ఇంట్లోనే సర్దుకుని వెళ్లండి, కౌంటర్ దగ్గర సంచి విప్పి వెతుక్కుంటే వెనకాల యాభై మంది ఆగిపోతారు. ఫోన్ మాట్లాడుతూ సైగలతో పని చెప్పకండి. పిల్లల ముందు పనివాళ్లని ఒరేయ్ అనకండి. మీరు అన్న మాటే రేపు మీ పిల్లలు అంటారు, లేదా రేపు మీ పిల్లల్నే ఇంకొకరు అంటారు. మన ఊళ్లలో చదువుకున్న పిల్లలు ఎక్కడ పనిచేస్తున్నారో ఒకసారి లెక్క వేసుకోండి. షోరూముల్లో, కాల్ సెంటర్లలో, టోల్ గేట్లలో, హోటళ్లలో, డెలివరీ బండ్ల మీద. మనం పట్నానికెళ్లి తిడుతున్నది ఎవరి పిల్లల్నో కాదు, మన పిల్లల్నే.

చివరికి ఆ సొసైటీ కుర్రాడి సంగతి. రెండో దఫా యూరియాకి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. రాత్రంతా ఏం చెప్పాలా అని అనుకున్నాను. క్షమించమనడం మన నోటికి అలవాటు లేని మాట. సినిమాలో తప్ప మన ఇళ్లలో ఎవరం అనం. పొద్దున్నే నాలుగు సొరకాయలు కోసి సంచిలో వేసుకుని వెళ్లాను. నా వంతు వచ్చేసరికి వాడు తలెత్తి చూశాడు, గుర్తుపట్టాడు. మొహం బిగిసింది. నేను వేలు పెట్టాను. పడలేదు. నేనేమీ అనలేదు. వాడు ఒక్క క్షణం ఆగి, "ఎడం చేతి ఉంగరం వేలు పెట్టి చూడండి. దాంతో పని తక్కువ కదా, గీతలు ఉంటాయి," అన్నాడు. పడింది.

"ఇంట్లో కాశాయి బాబూ, తీసుకెళ్లండి," అని సంచి బల్ల మీద పెట్టాను. ఎందుకండీ అన్నాడు. ఊరికే అన్నాను. వెనకాల లైను ఉంది, ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు. వాళ్లదీ పక్క ఊరేనని, ఎకరంన్నర కౌలు చేస్తారని, ఆ సీజన్లో వాళ్ల నాన్న కూడా అదే లైన్లో చెప్పులు పెట్టాడని తర్వాత మా వాళ్లెవరో చెప్పారు.

అన్నట్టు వేలు పడని రైతులంతా ఆధార్ సెంటర్‌కి వెళ్లి వేలిముద్రలు అప్‌డేట్ చేయించుకోండి. నేనూ చేయించుకున్నాను. అక్కడ కూడా లైను ఉంటుంది. అక్కడ కూర్చున్నదీ ఎవరి పిల్లో.

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు పెద్దలు. ఊరు సంగతి తర్వాత, ముందు లైను మంచిదైతే చాలు.

ఉంటాను. చేలో పనుంది.